కంపెనీ మూతపడిన డేవూ మాటిజ్‌ను ఇప్పుడు కొని నడపడం గురించి

మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. హైదరాబాదులో తెలిసినవారి దగ్గర 2001 నాటి డేవూ మాటిజ్ నలభై వేల రూపాయలకు వస్తోంది. నంబరు ఏపీ 09తో మొదలవుతుంది, మీరు ఉండేది విజయవాడలో. తయారుచేసిన కంపెనీయే లేనప్పుడు సామాన్లు ఎక్కడి నుంచి వస్తాయి, రోజూ పదిహేను ఇరవై కిలోమీటర్లు తిరగడానికి అది పనికొస్తుందా, కొంటే ముందుగా ఏం చేయించాలి అన్నవి మీ సందేహాలు. నేను మాటిజ్‌ను చాలా ఏళ్లుగా నడుపుతున్నాను, దానికి ముందు డేవూ వారిదే సియెలో కారు ఉండేది. ఈ రెండింటి సామాను కోసం విజయవాడ ఆటోనగర్ మొదలుకొని ఢిల్లీ కశ్మీరీ గేట్ దాకా తిరిగినవాణ్ణి. కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మాటిజ్ ఇంజనుతో మీకు పెద్దగా ఇబ్బంది రాదు. డేవూ తప్ప ఇంకెవరూ చేయని భాగాలు కొన్ని ఉన్నాయి, ఇబ్బంది అంతా వాటితోనే. బేరం ఆడే ముందు ఆ కొన్నింటి స్థితి తెలుసుకుంటే, మిగిలినవి మీ ఊళ్లోనే కుదిరిపోతాయి.

కంపెనీ కథ కొంత తెలిసి ఉండాలి, ఎందుకంటే ఏ సామాను ఎక్కడ దొరుకుతుందో నిర్ణయించింది ఆ కథే. డేవూ మన దేశానికి డీసీఎం సంస్థతో చేతులు కలిపి వచ్చింది. అంతకుముందు డీసీఎం టయోటా చిన్న లారీలు తయారైన ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్ ఫ్యాక్టరీలోనే 1995 నుంచి సియెలో, 1998 చివరి నాటి నుంచి మాటిజ్ తయారయ్యాయి. హ్యుందాయ్ శాంత్రో, టాటా ఇండికా కూడా ఆ కాస్త వ్యవధిలోనే రావడంతో మారుతి 800కు తొలిసారి గట్టి పోటీ ఎదురైంది. ఆ పోటీలో మాటిజ్ వెనకబడ్డ కారేమీ కాదు. దాన్ని ముంచింది సొంత ఇల్లే. 1999లో కొరియాలో డేవూ గ్రూపు అప్పుల కింద కూలిపోయింది, 2000 నవంబరులో కార్ల కంపెనీ దివాలా తీసింది. 2002లో జనరల్ మోటార్స్ కొరియాలోని ఫ్యాక్టరీలను తీసుకుంది గానీ సూరజ్‌పూర్‌ను తీసుకోలేదు. మన మాటిజ్‌లకు వారసుడు లేకుండా పోయింది అక్కడే. కొరియాలో డేవూ కారు కొన్నవాడికి కంపెనీ పేరు మాత్రమే మారింది. ఇక్కడ కొన్నవాడికి సర్వీసు కేంద్రం తలుపే మూతపడింది.

2007లో జనరల్ మోటార్స్ మాటిజ్ రెండో తరాన్ని షెవ్రొలే స్పార్క్ పేరుతో ఇక్కడ అమ్మడం మొదలుపెట్టింది, 2017 చివర ఆ కంపెనీ కూడా మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. స్పార్క్ సంగతి ఇక్కడ ఎందుకంటే, దుకాణంలో మాటిజ్ సామాను అడిగినప్పుడు చాలామంది స్పార్క్ డబ్బా తీసి బల్ల మీద పెడతారు. స్పార్క్‌ది 995 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజను, పాత మాటిజ్‌ది 796 సీసీ మూడు సిలిండర్లది. చిల్లర వస్తువులు కొన్ని సరిపోతాయి, ఇంజనుకు సంబంధించినవి సరిపోవు. పాత భాగం చేతిలో పట్టుకుని వెళ్లి, పక్కపక్కన పెట్టి, బోల్టు రంధ్రాలూ మందమూ పోల్చి చూడకుండా డబ్బు ఇవ్వవద్దు.

మాటిజ్ కథ ఇంకో చోట మాత్రం చాలా కాలం సాగింది. ఉజ్బెకిస్తాన్‌లోని అసాకా ఫ్యాక్టరీలో మాటిజ్‌ను 2018 వరకు, సియెలోకు సోదరుడైన నెక్సియాను 2016 వరకు తయారు చేశారు. పోలండ్‌లో, రొమేనియాలో కూడా ఇవి కొంతకాలం తయారయ్యాయి. అందువల్ల టైమింగ్ బెల్టు, డిస్ట్రిబ్యూటరు, సెన్సార్లు, షాక్ అబ్జార్బర్ల వంటి వాటికి ఆ దేశాల్లో ఈనాటికీ గిరాకీ ఉంది, చేసేవాళ్లూ ఉన్నారు. ఇంటర్నెట్‌లో తెప్పించుకోవచ్చు, కాకపోతే కొరియర్ ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిస్తే ఒక్కోసారి వస్తువు ధరకు రెట్టింపు అవుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ దేశాల్లో స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. స్టీరింగు ర్యాకు, డాష్‌బోర్డు, వైపరు లింకులు, చివరికి హెడ్‌లైటు వెలుగు పడే కోణం కూడా మన కారుకు కుదరవు. అలాంటివి కావాలంటే మనలాగే కుడివైపు స్టీరింగు ఉన్న బ్రిటన్ మార్కెట్టు సామాను వెతకాలి. ఈ తేడా చూసుకోకుండా విదేశం నుంచి తెప్పించుకున్న హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలో కొడతాయి.

ఇప్పుడు ఇంజను. మాటిజ్‌కు ముందు డేవూ కొరియాలో టికో అనే చిన్న కారు చేసేది. దానికి ఆధారం సుజుకి ఆల్టో. ఆ వంశంలోని 796 సీసీ ఇంజనుకే మల్టీపాయింట్ ఇంజెక్షన్ (ఒక్కో సిలిండరుకు విడిగా పెట్రోలు చిమ్మే ఏర్పాటు) పెట్టి మాటిజ్‌లో వాడారు. సిలిండరు వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 72 మిల్లీమీటర్లు. మారుతి 800 కొలతలు కూడా సరిగ్గా ఇవే. ఈ పోలిక చూసి ‘మారుతి పిస్టన్ వేసేద్దాం’ అనే మెకానిక్కులు ఉంటారు. సిలిండరు కొలత ఒకటే అయినంత మాత్రాన పిస్టన్ ఎత్తు, పిన్ను మందం, హెడ్డు ఆకారం ఒకటి కానక్కరలేదు. కొలిచి, సరిపోతేనే వేయాలి. ఈ బంధుత్వం వల్ల అసలు లాభం మరొకటి: ఎన్నో ఏళ్లుగా మారుతి 800 విప్పి బిగించిన ఏ పాత మెకానిక్కుకైనా ఈ ఇంజను లోపలి అమరిక కొత్తగా అనిపించదు. మూడు లీటర్ల లోపు ఆయిలు పట్టే ఈ ఇంజనుకు ఆయిలు సమయానికి మారిస్తే, వేడెక్కనివ్వకుండా చూసుకుంటే, చాలా దూరం నడుస్తుంది.

దాన్ని చంపేది టైమింగ్ బెల్టు, అంటే పిస్టన్లతో కలిసి తిరిగే క్రాంకు షాఫ్టునూ వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టునూ జతగా తిప్పే బెల్టు. మాటిజ్ 796 సీసీ ఇంజనులో ఈ బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి, వాల్వులు వంగిపోతాయి, హెడ్డు విప్పక తప్పదు. ఇదే కంపెనీ సియెలోలోని 1498 సీసీ ఎనిమిది వాల్వుల ఇంజనులో బెల్టు తెగితే బండి ఆగుతుందే గాని వాల్వులు వంగవు. సియెలో నడిపి మాటిజ్‌కు మారినవాళ్లు చాలామంది ఈ తేడా తెలియక నష్టపోయారు. పుస్తకంలో 60 వేల కిలోమీటర్లు అని ఉన్నా, మన ఎండలకు, ట్రాఫిక్కుకు నేను 40 వేలకే మార్పిస్తాను, కిలోమీటర్లు తక్కువ తిరిగినా నాలుగైదేళ్లు దాటనివ్వను. అమ్మేవారు ‘ఈ మధ్యే మార్పించాం’ అంటే బిల్లు అడగండి; బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. బెల్టుతో పాటు టెన్షనరు బేరింగు మార్చాలి. అదే సమయంలో క్యామ్ షాఫ్టు, క్రాంకు షాఫ్టు ఆయిలు సీళ్లు చూడాలి, కారుతున్న సీలు మీద కొత్త బెల్టు వేస్తే ఆయిలు తగిలి అది ఏడాదిలోనే పాడవుతుంది. పాత సరుకు అమ్మేచోట డేవూ ముద్ర ఉన్న అసలైన డబ్బాలో బెల్టు కనబడితే సంబరపడి కొనకండి. డబ్బా కొత్తగా ఉన్నా లోపలి రబ్బరు ఇరవై ఏళ్ల కిందటిది. సీళ్లకు, గొట్టాలకు, బుష్షులకు కూడా ఇదే వర్తిస్తుంది; రబ్బరు విషయంలో అసలైన పాతదాని కంటే మంచి రకం కొత్తదే నయం.

రెండో ముఖ్యమైన భాగం డిస్ట్రిబ్యూటరు, ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచేది. ఆ కాలపు మాటిజ్‌లో దాని లోపల సన్నని చీలికలున్న బిళ్ల ఒకటి, దాని గుండా వెళ్లే వెలుగును చదివే సెన్సారు ఒకటి ఉంటాయి. క్యామ్ ఎక్కడ ఉన్నదో ఇంజను కంప్యూటరుకు తెలిసేది దాని ద్వారానే. షాఫ్టు బేరింగు అరిగితే బిళ్ల ఊగుతుంది, సీలు దాటి ఆయిలు వస్తే సెన్సారు కళ్లు మూసుకుపోతాయి. దీని లక్షణాలు మోసపుచ్చేలా ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు బండి చక్కగా స్టార్టవుతుంది, బాగా వేడెక్కాక సిగ్నలు దగ్గర ఆగిపోతుంది, అరగంట చల్లారనిస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. ఈ లక్షణం చూసి పెట్రోలు పంపు, కాయిలు, ప్లగ్గులు, వైర్లు అన్నీ ఒక్కొక్కటిగా మార్పించి, చివరికి డిస్ట్రిబ్యూటరు దగ్గరకు వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. కొనే ముందు కారును ఏసీ వేసి ఇరవై నిమిషాలకు తగ్గకుండా ట్రాఫిక్కులో నడపండి, ఆపి ఐడిల్‌లో ఉంచండి, ఇంజను చివర క్యామ్ షాఫ్టు పక్కన ఉండే డిస్ట్రిబ్యూటరు దగ్గర చెవి పెట్టి కీచుమనే శబ్దం ఉందేమో వినండి. బేరింగు ఒక్కటే పోతే మంచి లేతు పనివాడు విప్పి కొత్తది వేయగలడు. సెన్సారు పోతే మాత్రం మొత్తం డిస్ట్రిబ్యూటరు కావాలి, అది ఈ కారులో అంత తేలికగా దొరకని వస్తువుల్లో ఒకటి.

సామాను సంగతికి వద్దాం. మాటిజ్ సామాను అని అడిగితే దుకాణంలో ‘లేదు’ అంటారు. వస్తువు పేరు, కొలత చెప్పి అడిగితే చాలావరకు ఉంటాయి. బేరింగు మీద నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబరుతో ఏ బేరింగుల దుకాణంలోనైనా ఇస్తారు, ఏ కారుదో చెప్పనక్కరలేదు. ఆయిలు సీలు మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అంకెల్లో ఉంటాయి. ఫ్యాను బెల్టు వెనక పొడవు, వెడల్పు ముద్రించి ఉంటాయి. రిలేలు, ఫ్యూజులు, బల్బులు, బ్యాటరీ అందరికీ ఒకటే రకం. టైర్లు 145/70 ఆర్13 కొలతవి, ఇవి చిన్న కార్లకు వాడేవే. క్లచ్ కేబులు పోతే పాతది తీసుకెళ్లి అదే పొడవుకు చేయించుకోవచ్చు. బ్రేకు షూలకు లైనింగు కొత్తగా అతికించేవారు, క్లచ్ ప్లేటుకు ఫేసింగు వేసేవారు, రేడియేటరుకు కోరు మార్చేవారు, కుంగిన ఇంజను మౌంటుకు రబ్బరు పోసేవారు ఆటోనగర్‌లో లారీల కోసం ఎలాగూ ఉన్నారు. వాళ్లకు కారు పేరుతో పని లేదు. అక్కడ చేయించిన పని షోరూము సామానంత సొగసుగా ఉండకపోవచ్చు, మన్నికలో తీసిపోదు. అయితే బ్రేకు మాస్టరు సిలిండరు, వీల్ సిలిండర్ల విషయంలో మాత్రం తుప్పు పట్టిన దానికి లోపలి రబ్బరు సీళ్ల కిట్టు వేసి సరిపెట్టవద్దు, ఇక్కడ ఎంత ఖర్చయినా కొత్తది వేయాలి.

ఇంతవరకు చెప్పినవి కొలతతో కొనగలిగినవి. కొలతతో కొనలేనివి ఇంజను కంప్యూటరు, డిస్ట్రిబ్యూటరు, ఇంజను సెన్సార్లలో కొన్ని, హెడ్‌లైట్లు, వెనక లైట్లు, బంపర్లు, తలుపు పిడులు, మీటర్ల బోర్డు, స్టీరింగు ర్యాకు, బానెట్టు, ఫెండర్లు. కారు ఆయుష్షు వీటితోనే ముడిపడి ఉంది. చిన్న ఢీకొట్టుడులో ముందు భాగం నలిగితే మారుతి 800 వారం రోజుల్లో రోడ్డెక్కుతుంది. మాటిజ్ కుడి హెడ్‌లైటు కోసం నెలల తరబడి షెడ్డులో నిలబడుతుంది. కాబట్టి కారు కొన్న రోజు నుంచే ఇవి కనబడిన చోటల్లా, అవసరం లేకపోయినా, కొనిపెట్టుకోవాలి. చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి, కశ్మీరీ గేట్ వంటి చోట్ల విప్పిన కార్ల సామాను అమ్ముతారు, వాటిలో డేవూవి రానురాను తగ్గిపోతున్నాయి. జాగా ఉన్నవారు తుక్కుకు వెళ్లబోయే మరో మాటిజ్‌నే కొని సామాను తీసుకుంటారు, ఖర్చుకు తగిన పనే అది. కాకపోతే దాని రిజిస్ట్రేషన్ రద్దయిందన్న కాగితం చేతికి రాకుండా ఒక్క బోల్టు కూడా విప్పవద్దు.

ఇంజను కంప్యూటరును పరీక్షించడం తేలికే. తాళం తిప్పి ఇంజను స్టార్టు చేయకముందు చెక్ ఇంజన్ దీపం వెలగాలి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. తాళం తిప్పినా వెలగకపోతే సంతోషించకండి, ఎవరో బల్బు తీసేసి ఉండవచ్చు. ఇప్పుడు మార్కెట్టులో దొరికే చౌక స్కానర్లు ఆ కాలపు డేవూ కంప్యూటరును చదవలేకపోవచ్చు, అందుకని స్కానరు ఏ తప్పూ చూపలేదు అన్న మాటను నమ్మకానికి ఆధారంగా తీసుకోకండి. ఐడిల్‌లో చక్రం ఎక్కి దిగుతున్నట్టు వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటే ముందు ఇంజనులోకి గాలి వెళ్లే దారిలోని త్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వు శుభ్రం చేయించండి, గొట్టాల్లో గాలి పీల్చే చీలికలు ఉన్నాయేమో చూడండి. చాలా కార్లలో కంప్యూటరు మీద పడే నింద నిజానికి వాటిలో పేరుకున్న మసిది.

మన మెకానిక్కులకు ఉన్న ఒక అలవాటు గురించి ఇక్కడే చెప్పాలి. ఇంజను వేడెక్కుతోంది అనగానే థర్మోస్టాటు (ఇంజను తగినంత వేడెక్కేదాకా రేడియేటరుకు నీళ్లు వెళ్లకుండా ఆపే వాల్వు) పీకి పారేస్తారు, ‘మన ఎండలకు అదెందుకు సార్’ అంటారు. ఇంజెక్షన్ ఉన్న ఇంజను కావలసినంత వేడెక్కకపోతే కంప్యూటరు ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. వేడెక్కడానికి అసలు కారణం మూసుకుపోయిన రేడియేటరో, పనిచేయని ఫ్యాను రిలేనో, నీళ్లు పోసి పోసి తుప్పు పట్టిన లోపలి దారులో అయి ఉంటుంది. థర్మోస్టాటు ఉండాలి, నల్లా నీళ్లకు బదులు కూలెంటు ఉండాలి.

పెట్రోలు విషయంలో కొత్తగా వచ్చిన ఇబ్బంది ఇథనాలు. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది ఇరవై శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు, మాటిజ్ తయారైన నాడు ఆ ఆలోచనే లేదు. నీతి ఆయోగ్ 2021 నివేదిక ప్రకారమే, ఇథనాలు లేని పెట్రోలుకు రూపొందించి పది శాతానికి సర్దిన కార్లలో ఇరవై శాతం మిశ్రమంతో మైలేజీ ఆరేడు శాతం తగ్గుతుంది. మైలేజీ కంటే నాకు పట్టింపు రబ్బరు గొట్టాల గురించి. ఇరవై అయిదేళ్ల కిందటి పెట్రోలు గొట్టాలు ఇథనాలుకు మెత్తబడి పగులుతాయి, ఇంజెక్షన్ కారులో వాటి లోపల ఒత్తిడి ఎక్కువ, కింద వేడి ఇంజను ఉంటుంది. ట్యాంకు నుంచి ఇంజను దాకా మార్చగల గొట్టాలన్నీ ఇంజెక్షన్ పీడనానికి తగిన కొత్త రకంతో మార్పించండి, క్లిప్పులతో సహా. కొన్న మొదటి వారంలో టైమింగ్ బెల్టు తరువాత చేయవలసిన పని ఇదే. కారును వారాల తరబడి కదపకుండా ఉంచవద్దు, ఇథనాలు తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో తుప్పు మొదలవుతుంది. కొన్ని పాత మాటిజ్‌లకు గ్యాసు కిట్టు బిగించి ఉంటారు. అది ఆర్సీలో నమోదు కాకపోయినా, సిలిండరు పరీక్ష గడువు దాటినా తీయించేయడమే మంచిది.

తుప్పు గురించి చూపులో మోసపోకండి. ఇటలీ డిజైనరు జార్జెట్టో జుజారో సంస్థ దిద్దిన ఆ గుండ్రని ముఖం ఇప్పటికీ ముద్దుగానే ఉంటుంది, పైన కొత్త పెయింటు వేస్తే మరీను. (ఆ బొమ్మ మొదట ఫియట్ కోసం గీసింది, ఫియట్ వద్దంటే డేవూ తీసుకుంది.) ఈ కారు తలుపుల కింద ఉండే రన్నింగ్ బోర్డు, వెనక చక్రాల చుట్టూ ఉండే వంపు, డిక్కీ తలుపు కింది అంచు తొందరగా తుప్పు పడతాయి. చిన్న అయస్కాంతం ఒకటి పట్టుకెళ్లి ఈ చోట్ల ఆనించి చూడండి, అంటుకోని చోట ఇనుము లేదు, పుట్టీ ఉంది. కార్పెట్ ఎత్తి నేల చూడండి, జాకీ ఆనించే చోట వేలితో నొక్కండి. పైపైన తుప్పు ఉంటే టింకరింగు పనివాడు బాగుచేస్తాడు. రన్నింగ్ బోర్డు లోపలి పొర పోయి ఉంటే ఎంత తక్కువకు వచ్చినా వదిలేయండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పెరిగిన కారైతే ఈ పరీక్ష రెండింతలు జాగ్రత్తగా చేయాలి. హైదరాబాదు కారు కావడం మీకు ఈ ఒక్క విషయంలో కలిసివచ్చేదే.

కాగితాల విషయంలో ఆ హైదరాబాదు నంబరే మీకు పని పెడుతుంది. ఏపీ 09 అని ఉంది కదా, ఆంధ్రప్రదేశ్ బండే కదా అనుకోకండి. అది ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాదుకు ఇచ్చిన నంబరు, 2014 తరువాత దాని రికార్డులు తెలంగాణ రవాణా శాఖ దగ్గర ఉన్నాయి. మీరు విజయవాడలో శాశ్వతంగా పెట్టుకోవాలంటే అక్కడి నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రావాలి, బదిలీకి ఫారం 29, ఫారం 30 కావాలి, పన్ను ఎంత కట్టవలసి వస్తుందో విజయవాడ రవాణా కార్యాలయంలో ముందే కనుక్కుని ఆ మొత్తాన్ని బేరంలో కలపాలి. ఆ రోజుల్లో ఇలాంటి కార్లు చాలావరకు అప్పు మీద కొన్నవే. ఆర్సీ మీద హైపోతికేషన్ (అప్పు కింద కారు తాకట్టులో ఉందన్న నమోదు) అలాగే ఉండిపోయి, అప్పు ఇచ్చిన ఫైనాన్సు సంస్థ ఆ తరువాత మూతపడి ఉంటే, ఆ నమోదు తీయించే ఫారం 35 మీద సంతకం చేసేవారు దొరకక బదిలీ ఆగిపోతుంది. ఈ చిక్కు విప్పవలసిన బాధ్యత అమ్మేవారిది, డబ్బు చేతులు మారకముందే తేలాలి.

ఇంకా పెద్దది రెన్యువల్ ఖర్చు. 2001లో నమోదైన కారుకు 2016లో మొదటిసారి, 2021లో రెండోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ జరిగి ఉండాలి, తరువాతి గడువు 2026. ఫిట్‌నెస్ పరీక్షతో పాటు ఫారం 25 పెట్టుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారుకు ఈ ఫీజు 5,000 రూపాయలు ఉండేది, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన వాటికి 10,000 చేశారు. హరిత పన్ను దీనికి అదనం. గడువు దాటితే నెలకు 500 చొప్పున ఆలస్య రుసుము పడుతుంది. నలభై వేల కారుకు నాలుగో వంతు ఒక్క రెన్యువల్‌కే పోతుందన్నమాట. బీమా మాత్రం భారం కాదు, వెయ్యి సీసీ లోపు కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియం పన్ను కాక 2,094 రూపాయలు. ఇంత పాత కారుకు సమగ్ర బీమా ఇచ్చే కంపెనీలు తక్కువ, ఇచ్చినా కట్టే ప్రీమియానికి తగినంత తిరిగి రాదు.

రోజువారీ వాడకం గురించి అడిగారు. ఊళ్లో తిరగడానికి ఇప్పటికీ దీనికి సాటి వచ్చే చౌక కారు తక్కువ. మూడున్నర మీటర్ల పొడవు, 1,495 మిల్లీమీటర్ల వెడల్పు. వన్‌టౌన్ సందుల్లో కూడా ఇబ్బంది లేకుండా తిరుగుతుంది, ఎత్తుగా కూర్చుంటాం కాబట్టి పెద్దవాళ్లు ఎక్కి దిగడం తేలిక. ఏసీ గ్యాసు ఇప్పటికీ దొరికే రకమే. ఊళ్లో లీటరుకు పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లు వస్తే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టే. హైవే మీద కుటుంబంతో దూర ప్రయాణాలకు మాత్రం నేను ఒప్పుకోను. ఎయిర్‌బ్యాగులు లేని కాలపు తేలిక కారు అది, పక్కన వెళ్లే బస్సులూ లారీలూ మాత్రం ఈ కాలపు వేగంతో వెళ్తాయి. ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు మొదటి ఏడాది కొన్న ధరకు సమానమైన మొత్తం మరమ్మతులకు పోతుందని, ఆ తరువాత ఏటా పదిహేను, ఇరవై వేలు పక్కన పెట్టుకోవాలని నా అంచనా. అంతకంటే తక్కువలో నడుస్తోందని ఎవరైనా అంటే, ఏదో ఒక పని వాయిదా పడుతోందని అర్థం.

మెకానిక్ విషయంలో పెద్ద షెడ్డు కంటే ఓపిక ఉన్న మనిషి ముఖ్యం. మారుతి 800 బాగా తెలిసిన, ఇంజెక్షన్ వైరింగు చదవగలిగిన ఒక్కరిని ఎంచుకుని, వారినే అంటిపెట్టుకుని ఉండండి. మరమ్మతు పుస్తకం, వైరింగు పటాలు సంపాదించి ప్రింటు తీసి కారులోనే పెట్టండి, బాగుచేసేవారి చేతికి అవి ఇస్తే ఊహతో వైర్లు కోయరు. మార్చిన ప్రతి భాగానికీ తేదీ, కిలోమీటర్లు, వేసిన బేరింగు లేదా సీలు నంబరు ఒక పుస్తకంలో రాసుకోండి. సర్వీసు చరిత్ర చూపించే కంపెనీ లేని కారుకు ఆ పుస్తకమే సర్వీసు కేంద్రం.

మీ బేరం విషయంలో నా సలహా ఇది. తుప్పు, డిస్ట్రిబ్యూటరు, చెక్ ఇంజన్ దీపం, హెడ్‌లైట్లు ఈ నాలుగూ బాగుంటే కారు తీసుకోవచ్చు, నలభై వేలకు మాత్రం వద్దు. 2026 రెన్యువల్, ఎన్‌వోసీ అమ్మేవారే చేయించి ఇస్తే ముప్పై అయిదు వరకు, ఆ పనులు మీ నెత్తిన పడితే పాతిక దాటకుండా మాట్లాడండి. తెలిసినవారని కాగితాలు తరువాత చూసుకుందామనే మాటకు తలూపకండి. బేరం కుదిరితే, బెల్టు ఎప్పుడు మార్చారో తెలియని ఆ కారును హైదరాబాదు నుంచి విజయవాడకు దాదాపు 275 కిలోమీటర్లు నడుపుకుంటూ రావద్దు. అక్కడే బెల్టు, టెన్షనరు వేయించి తీసుకురండి, లేదంటే వాహనాలు మోసే లారీ మీద తెప్పించుకోండి.